కంపెనీ టైర్లు నాలుగూ

"ఏడు వేల కిలోమీటర్లకే టైర్లు మార్చేశారా అండీ?"

హైమవతి ప్రశ్నకి శశిభూషణ్ నవ్వాడు. ఎదుటివాళ్ళ తెలివితక్కువతనాన్ని రోజూ క్షమిస్తూ బతికే మనిషి నవ్వు అది. పోర్టికోలో తను కూర్చున్న కుర్చీ పక్కనే ఇంకో రెండు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఒకటి ఆమెకి చూపించాలని ఆయనకి తోచలేదు. తోచినా చూపించేవాడు కాదు.

"కారుతో పాటు కంపెనీ వాడిచ్చేవి టైర్లేనా అండీ? ఖర్చు కలిసొస్తుందని ఏదో ఒకటి తొడిగి పంపించేస్తాడు. గతుకులో పడితే నడుం పట్టేస్తుంది. లోపల పాట పెట్టుకుంటే చక్రాల మోత తప్ప ఏమీ వినపడదు. అందుకే పీకించేసి మంచివి వేయించాను. మీరు స్కూటీ మీద తిరిగేవారు కదా, మీకు ఆ తేడా తెలియకపోవచ్చు."

"తెలియదండి. అందుకే అడుగుతున్నాను."

హైమవతి రాజమండ్రిలో ప్రైవేటు డిటెక్టివ్. అంతకుముందు చాలా ఏళ్ళు బీమా కంపెనీల తరఫున ప్రమాదాల సర్వేయరుగా పనిచేసింది. నుజ్జయిన బండి అబద్ధం చెప్పదని, దాని పక్కన నిలబడ్డ యజమాని చెప్తాడని ఆ ఉద్యోగంలోనే నేర్చుకుంది.

శుక్రవారం తెల్లవారుజామున కాలువ గట్టు మీద నడకకి వెళ్ళిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు డేనియల్ గారిని ఏదో బండి గుద్ది చంపేసింది. మర్నాడు సీఐ పల్లంరాజు ఐజాక్ అనే వ్యాను డ్రైవర్ని పట్టుకున్నాడు. చర్చి కమిటీలో ఐజాక్‌కీ డేనియల్ గారికీ మాటా మాటా వచ్చిన సంగతి ఊరందరికీ తెలుసు. వ్యాను ముందు లైటు పగిలి ఉంది. పల్లంరాజు అంతకు మించి ఆలోచించలేదు. హత్య కేసు రాసేశాడు. ఈ ఆదివారం సాయంత్రం ఐజాక్‌ని మేజిస్ట్రేటు గారింటి దగ్గర హాజరుపరిచి రిమాండుకి పంపిస్తారు. ఒకసారి జైలు గేటు దాటాక ఒక వ్యాను డ్రైవరు కేసుని తిరగదోడే తీరిక ఎవరికీ ఉండదు. కూలిపనికి వెళ్ళే అతని తల్లి సువార్తమ్మ ఆ భయంతోనే హైమవతి గుమ్మం ఎక్కింది. ఇప్పుడు శశిభూషణ్ గేటు బయటే ఉంది. లోపలికి రావద్దని ఈ ఇంటివాళ్ళు చెప్పారు. వాచ్‌మన్ మాత్రం తన స్టూలు తీసుకెళ్ళి గోడ నీడలో వేసి, ఆమెని కూర్చోబెట్టి, తను ఎండలో నిలబడ్డాడు.

హైమవతి పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళి చూసొచ్చింది. డేనియల్ గారు పడిన చోట తూము రాయికి నల్లటి రబ్బరు రాసుకుని ఉంది. పక్కనే తడి మట్టిలో టైరు అచ్చు పడి ఉంది. గాడులు లోతుగా, అంచులు పదునుగా, ఇంకా అరగని కారు టైరు. ఐజాక్ వ్యాను టైర్లు బోడిగుండులా ఉంటాయి. మట్టిలో ఉన్న ఆ అచ్చు ఫలానా మోడలు కారుకి కంపెనీ నుంచి వచ్చే టైరుదని ఆమె పోల్చుకుంది. ఆ మోడలుకి ఈమధ్య టైర్లు మార్చారా అని ఊళ్ళో టైర్ల షాపులకి ఫోన్ చేసి అడిగింది. చుట్టుపక్కల ఆ మోడలు కారున్న పెద్దమనిషి శశిభూషణ్. గట్టు మట్టి తవ్వి అమ్ముకుంటున్నాడని ఆయన మీద కలెక్టరుకి అర్జీ పెట్టిన పెద్దమనిషి డేనియల్ గారు.

"ఎప్పుడు మార్పించారండి?"

"గురువారం సాయంత్రం. మన గణేష్‌బాబు షాపులో. మర్నాడు చీకటితోనే నేనూ మా ఆవిడా ఇదే కారులో పట్టిసీమ బయల్దేరాం. వీరభద్రస్వామి దర్శనం చేసుకుని పదింటికి ఇంటికొచ్చాం. కొత్త టైర్లు కదా, పడవ మీద వెళ్ళినట్టు వెళ్ళింది." ఆయన వాచీ చూసుకున్నాడు. "ఆ మేష్టారు చనిపోయిన టైముకి మేం గోదారొడ్డున ఉన్నాం. ఈ కారుకి ఉన్నది కొత్త టైర్లు. మీకు దొరికిన అచ్చేమో పాత టైరుది. ఇంకేం కావాలండీ మీకు?"

"ఒకసారి కారు చూస్తాను."

"చూసుకోండి. కడిగించమన్నా కడిగిస్తాను."

లోపలినుంచి ఆయన భార్య శ్రీదుర్గ వచ్చింది. హైమవతి కారు దగ్గర మోకాళ్ళ మీద కూర్చోవడం చూసి ఆమె ముక్కు ముడుచుకుంది.

"చెప్పులు అవతల విడిచి ముట్టుకోండమ్మా. పూజ చేసిన టైర్లు అవి."

హైమవతి చెప్పులు విడిచింది. చక్రాలకి పసుపు, కుంకుమ బొట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొత్త టైరు మీద చుట్టూ గీసి వచ్చే రంగు గీతలు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. ఆమె తల వంచి చక్రం కిందికి చూసింది. అక్కడ ఒక నిమ్మకాయ ఉంది. చక్రం దాని మీదికి ఎక్కి ఆగిపోయింది. సగం నలిగి, రసం ఎండి, చీమలు పట్టింది. ఆమె లేచి కారు చుట్టూ తిరిగింది. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు.

"పూజ ఎప్పుడు చేశారండి?"

"ఎప్పుడు చేస్తారు? టైర్లు వేయించి తేగానే. పూజ అవకుండా బండిని గుమ్మం కదలనిస్తానా? మీ ఇళ్ళల్లో ఎలాగో గానీ మా ఇంట్లో ఆ పద్ధతి లేదు."

"నిమ్మకాయలు కూడా అప్పుడే పెట్టారా?"

"మరి రేపు పెడతామా?"

హైమవతి చేతులు దులుపుకుంది. "అంటే శశిభూషణ్ గారూ, గురువారం ఈ నిమ్మకాయల మీదికి కారు ఎక్కించారు. శుక్రవారం పట్టిసీమ వెళ్ళారు. తిరిగొచ్చి నాలుగు చక్రాలనీ సరిగ్గా అవే నాలుగు నిమ్మకాయల మీద, చీమలు కూడా కదలకుండా ఆపారు. మీ డ్రైవింగు చాలా బాగుందండి."

శ్రీదుర్గ భర్త వైపు చూసింది. ఆ చూపులో ఇంతకుముందున్న బిగువు లేదు.

"పట్టిసీమ... వేరే కారులో వెళ్ళాం," అన్నాడు శశిభూషణ్.

"ఇందాక ఇదే కారన్నారు."

"మాట తడబడింది. అయినా నీకు నేను సమాధానం చెప్పడం ఏంటి?" అప్పటిదాకా ఉన్న అండీలు ఒక్కసారిగా పోయాయి. "సీఐ గారిని రమ్మని ఎప్పుడో ఫోన్ చేశాను. ఆయనకి చెప్పుకో."

హైమవతి శ్రీదుర్గని ఒక్క ప్రశ్న అడగచ్చు. పట్టిసీమ వెళ్ళారా అని. ఆ మనిషి అప్పటికే గుమ్మం వైపు వెనక్కి అడుగులు వేస్తోంది. హైమవతి అడగలేదు. ఆ ప్రశ్న లేకుండానే పని జరుగుతుంది.

శశిభూషణ్ మళ్ళీ ఫోన్ చేసి నిమ్మకాయల సంగతి కూడా చెప్పినట్టున్నాడు, సీఐ పల్లంరాజు జీపు దిగుతూనే నవ్వుతూ వచ్చాడు. పొడుగాటి మనిషి. ఎదుటివాళ్ళ నెత్తిమీదుగా మాట్లాడడం అలవాటు.

"ఏవండీ హైమవతి గారూ, నిమ్మకాయలతో కేసు తేల్చేశారంటగా! దిష్టి తీసేవాళ్ళని కూడా పిలిపించమంటారా?"

"మీ కేసుకి దిష్టి తగలదు లెండి. అంత అందంగా లేదు."

"ఐజాక్ వ్యాను లైటు పగిలింది. దానికేం చెప్తారు?"

"లైటు పగిలిన వ్యాన్లన్నీ పట్టుకుంటే మీ స్టేషన్లో నిలబెట్టడానికి చోటు చాలదు. దాని టైర్లు చూశారా మీరు?"

"గట్టు మీద సవాలక్ష బండ్లు తిరుగుతాయి. ఎవడిదో టైరు అచ్చు పట్టుకుని పెద్దమనుషుల ఇళ్ళ మీద పడితే ఎలాగండీ? మీకు బీమా కాగితాలు చూసుకునే పనే బాగుండేది."

"అక్కడ కూడా పెద్దమనుషులే ఎక్కువ దొరికేవారండి."

శశిభూషణ్ మధ్యలో కల్పించుకున్నాడు. అప్పటికే ముఖం సర్దుకున్నాడు. "సీఐ గారూ, ఆవిడ ముచ్చట తీర్చేయండి. వ్యాను చూపించండి. టైర్ల షాపుకి కూడా తీసుకెళ్ళండి. ఎంతసేపైనా పరవాలేదు. నాకు మాత్రం బయట చిన్న పనుంది."

ఆ మర్యాద హైమవతికి నచ్చలేదు. ఇప్పటిదాకా తరిమేయాలని చూసినవాడు ఉన్నట్టుండి ఊరంతా తిప్పమంటున్నాడు.

వ్యాను సర్కిల్ ఆఫీసు పెరట్లో ఉంది. పల్లంరాజు పగిలిన లైటుని కర్రతో పొడిచి చూపించాడు. హైమవతి అదే కర్ర తీసుకుని వ్యాను టైరు మీద పెట్టింది. గాడి అన్నది లేదు. రెండు చోట్ల లోపలి నూలు కూడా బయటికి కనిపిస్తోంది.

"ఈ టైరు తడి మట్టిలో ఏ అచ్చు వేస్తుందండీ?"

"కోర్టులో అడగండి."

"కోర్టు దాకా ఎందుకు? మీ కానిస్టేబుల్ని అడిగినా చెప్తాడు."

కానిస్టేబుల్ తల దించుకుని నవ్వు దాచుకున్నాడు. లోపల గదిలో ఐజాక్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సువార్తమ్మ తెచ్చిన కేరేజీ లోపలికి పంపకూడదని సీఐ ఆర్డరు. ఆ కానిస్టేబులే సీఐ పెరట్లో ఉన్న సమయం చూసి కేరేజీ లోపలికి అందించినట్టున్నాడు. కిటికీలోంచి ఐజాక్ అన్నం తింటూ కనిపించాడు. తల్లి కిటికీ ఇవతల నిలబడి, కొడుకు నోట్లోకి వెళ్ళే ప్రతి ముద్దనీ చూస్తోంది.

"అమ్మా, నేనెవర్నీ గుద్దలేదే," అన్నాడు ఐజాక్.

"తిను నాయనా, ముందు తిను," అంది సువార్తమ్మ.

"ఇంకో గంటలో మేజిస్ట్రేటు గారి దగ్గరికి బయల్దేరాలి," అన్నాడు పల్లంరాజు. "పదండి, ఆ టైర్ల షాపు ముచ్చట కూడా తీరుద్దాం. ఆ తర్వాత మీరు నా కంటికి కనబడకూడదు."

"మీరూ నా కంటికి కనబడకపోతే నాకూ సంతోషమే."

సువార్తమ్మ కూడా జీపెక్కబోయింది. పల్లంరాజు కసిరేలోపే హైమవతి ఆమె చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

గణేష్‌బాబు షాపు మెయిన్ రోడ్డు మీద ఉంది. ముందు టైర్లు గోపురంలా పేర్చి ఉన్నాయి. పోలీసు జీపు ఆగగానే గణేష్‌బాబు చేతిలో రింగు పాన జారి కిందపడింది. లావుపాటి మనిషి, చొక్కా నిండా గ్రీజు.

"శశిభూషణ్ గారి కారుకి టైర్లు ఎప్పుడు మార్చావు?" అని హైమవతి అడిగింది.

"గురువారం సాయంత్రమండి."

"విన్నారా?" అన్నాడు పల్లంరాజు.

"విప్పిన పాత టైర్లు నాలుగూ ఏవి?"

"కోసేసి తుక్కులో పడేశానండి. లారీ వచ్చి తీసుకుపోయింది."

హైమవతి గోపురంలా ఉన్న టైర్ల వైపు చూసింది. వాటిలో అడుగున ఉన్నవన్నీ పాతవే. అరిగినవి, అతుకులు వేసినవి, పైన నల్లరంగు పూసి మెరిపించినవి. ఎవరో ఒకరు కొనుక్కుంటారని దాచినవి. బోడి టైరుని కూడా పారేయలేని మనిషి ఇతను.

"వీటిని కొయ్యలేదేం గణేష్‌బాబూ? ఇవి మరీ మంచివా?"

"అంటే... అవి వేరండి..."

"నీ దగ్గర గాడి పోయిన టైరు కూడా అమ్మకానికి ఉంది. ఏడు వేలు కూడా సరిగ్గా తిరగని కంపెనీ టైర్ల మీద కత్తి పెట్టానంటావు. ఆయన కొయ్యమనే చెప్పి ఉంటాడు. నీకు చెయ్యి రాలేదు. ఔనా?"

గణేష్‌బాబు సీఐ వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంటి? ఆవిడకి చెప్పు," అన్నాడు పల్లంరాజు విసుగ్గా.

"మీ ముందు ఎలా చెప్పమంటారండీ..."

"నా ముందే చెప్పు. ఇక్కడ దాపరికం ఏముంది?"

"అక్కడ ఒక ప్రాణం పోయింది," అంది హైమవతి. "ఆయన చెయ్యమన్న పని నువ్వు చెయ్యలేదు. నిన్ను కాపాడేది అదొక్కటే. మొదట్నించీ చెప్పు."

గణేష్‌బాబు కింద ఉన్న టైరు మీద కూలబడ్డాడు. "గురువారం కాదండి. శుక్రవారం పొద్దున్న, షాపు తీస్తూండగానే వచ్చారు. ఎడం పక్క ముందు టైరు ఉబ్బిపోయి ఉందండి, ఏదో రాయికి గట్టిగా కొట్టుకున్నట్టు. అదొక్కటే మారిస్తే చాలు, మిగతా మూడూ బంగారంలా ఉన్నాయండీ అన్నాను. నోర్మూసుకుని నాలుగూ తియ్యి అన్నారు. నా కళ్ళ ముందే కోసెయ్యి అన్నారు. కత్తికి సాన పట్టించాలి, మధ్యాహ్నం కోసేస్తానని చెప్పి పంపించేశానండి. ఎవరడిగినా గురువారమని చెప్పమన్నారు."

షాపు గుమ్మం దగ్గర సువార్తమ్మ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. పొద్దుటి నుంచీ పల్లంరాజు ముఖం మీద ఉన్న నవ్వు ఇప్పుడు లేదు.

"ఎవరికి అమ్మావు?" అంది హైమవతి.

"నిన్న ఒకావిడ కారు తెచ్చారండి. అదే సైజు. ఆవిడకే నాలుగూ ఎక్కించేశాను."

"ఎవరావిడ?"

"సత్యకుమారి మేడం గారండి."

"ఏ సత్యకుమారి?" అని గద్దించాడు పల్లంరాజు.

గణేష్‌బాబు సీఐ వైపు చూసి, నేల వైపు చూసి, మళ్ళీ సీఐ వైపు చూశాడు.

"మీ ఇంట్లో మేడం గారేనండి."

రోడ్డు మీద ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. పల్లంరాజు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నిన్న టైర్లు మార్పించానంది. కొత్తవే అనుకున్నాను. నేను చూడను కూడా లేదు," అన్నాడు. ఎవరికి చెప్తున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

హైమవతికి ఆ క్షణంలో అనడానికి చాలా మాటలున్నాయి. ఈ హత్యకి సాక్ష్యం పొద్దుటి నుంచీ ఎక్కడెక్కడో వెతికానని, అది సీఐ గారింటి ముందే నిలబడి ఉందని అనచ్చు. వాటిని పక్కన పెట్టి ఆమె షాపువాడి వైపు తిరిగింది.

"ఉబ్బిన టైరు కూడా ఎక్కించావా?"

"లోపల అట్ట పెట్టి అతికించి వెనక చక్రానికి వేశానండి. గాలి పెడితే ఉబ్బు కనపడలేదు..."

"లోపల నూలు తెగిన టైరుని అట్ట ఆపదయ్యా! నిదానంగా వెళ్తే నాలుగు రోజులు వస్తుంది. వేగంగా వెళ్తే ఎక్కడో పేలిపోతుంది. ఈ అమ్మకం సంగతి శశిభూషణ్‌కి తెలుసా?"

"పొద్దున్న మీరు షాపుకి ఫోన్ చేశారు కదండీ. భయమేసి ఆయనకి ఉన్నదంతా చెప్పేశాను. కొయ్యలేదు, ఫలానా వారికి అమ్మేశానని."

హైమవతి పల్లంరాజు వైపు తిరిగింది.

"ఇంటికి ఫోన్ చెయ్యండి. ఆయన మిమ్మల్ని రమ్మన్నది నా మీద చెప్పడానికి కాదు. మీరు మీ ఇంటి వైపు వెళ్ళకుండా చెయ్యడానికి. వ్యాను చూపించండి, షాపు చూపించండి, ఎంతసేపైనా పరవాలేదు అన్నాడు. బయట చిన్న పనుందన్నాడు. ఆ పని మీ కారు దగ్గరే."

పల్లంరాజు ఫోను తీశాడు. రెండోసారికి గానీ నంబరు కలవలేదు. హైమవతి చెయ్యి చాపి స్పీకరు నొక్కింది.

"ఏంటండీ, భోంచేశారా?" సత్యకుమారి గొంతు హుషారుగా ఉంది.

"ఎక్కడున్నావు?"

"పాలకొల్లు దారిలోనండి. మన వర్షిణి కూడా వచ్చింది. శశిభూషణ్ గారు ఎంత మంచివారండీ! నిన్న మనకి వేసిన టైర్లు కంపెనీ వెనక్కి తీసుకుంటోందట. పాలకొల్లులో తెలిసిన షాపులో ఊరికే కొత్తవి వేయిస్తానన్నారు. పనిలో పనిగా క్షీరారామంలో దర్శనం కూడా అయిపోతుందని బయల్దేరాం. కారు ఆయనే నడుపుతున్నారు."

పల్లంరాజు నోరు తెరిచాడు. హైమవతి గట్టిగా తల అడ్డంగా ఊపింది. ఆపమని అరిస్తే పక్కనున్నవాడు వింటాడు.

"ఆయనకివ్వు," అన్నాడు పల్లంరాజు అతికష్టం మీద.

"నమస్కారమండీ సీఐ గారూ." శశిభూషణ్ గొంతులో మళ్ళీ అండీలు వచ్చేశాయి. "మీవాళ్ళు నా కారు... అదే, మీ కారులో క్షేమంగా ఉన్నారు. మీరేం కంగారు పడకండి. ఇంతకీ ఐజాక్ రిమాండు అయిపోయిందా అండీ?"

హైమవతి పల్లంరాజు కళ్ళలోకి చూస్తూ పెదాలు మాత్రం కదిపింది. అయిందనండి.

"అయిపోయిందండి," అన్నాడు పల్లంరాజు. "ఇప్పుడే జైలుకి పంపించేశాం."

"నిజమేనా అండీ? ఇంత త్వరగానా?"

అప్పుడు షాపు గుమ్మంలోంచి ఒక కేక లేచింది. సువార్తమ్మ నేల మీద కూలబడి, "నా కొడకా, నన్నిలా మోసం చేశారా, అన్నం కూడా పూర్తిగా తిననివ్వలేదా," అని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. అది అబద్ధమని ఆమెకి చెప్పే వ్యవధి లేదు. హైమవతి ఆమె పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది గానీ ఏడవద్దని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ ఏడుపు మొత్తం ఫోనులోంచి అవతలికి వెళ్ళిపోయింది.

"పాపం, తల్లి కదండీ," అన్నాడు శశిభూషణ్. ఆయన గొంతులో అనుమానం పూర్తిగా పోయింది. "అయితే ఇంక ఆ పిచ్చి డిటెక్టివు మనల్ని ఏమీ చెయ్యలేదన్నమాట. చాలా సంతోషం."

వెనక సీటులోంచి సీఐ కూతురు వర్షిణి గొంతు వినిపించింది. "అంకుల్, నా సీటు కింద ఏదో దబదబమని కొట్టుకుంటోంది. కొంచెం ఆపండి."

"ఏం లేదమ్మా. పాలకొల్లు ఎంతో దూరం లేదు, వేగంగా పోనిస్తాను."

ఫోను కట్ అవలేదు. ఇంజను హోరు పెరగడం షాపులో నలుగురికీ స్పష్టంగా వినిపించింది.